రాజీకి ఎంత చెబితే ఒప్పుకోవచ్చు?

మోటారు ప్రమాద పరిహారం: పాఠకుల ప్రశ్నలు, న్యాయవాదుల జవాబులు

లోక్ అదాలత్ తేదీ దగ్గరపడితే చాలు, ఈ శీర్షికకు ఒకే ప్రశ్న పది రకాలుగా వస్తుంది: ‘ఇన్సూరెన్స్ వాళ్లు ఇంత ఇస్తామంటున్నారు, తీసుకోమంటారా?’ అలాంటివాటిలో ఏడు ఉత్తరాలకు ఈసారి జవాబిస్తున్నాం. లెక్కల్లో వాడిన అంకెలు పాఠకులు రాసినవే. వాళ్లు రాయని చోట మేం అంచనా వేశాం, అక్కడ ఆ సంగతి చెప్పాం.

ప్రశ్న: నా వయసు 34. ఇళ్లకు వైరింగ్ పని చేస్తాను. బైకు మీద వెళ్తుంటే కారు గుద్ది కుడి మోకాలి కింద ఎముక విరిగింది. రాడ్ వేశారు. బిల్లులు 2,60,000 అయ్యాయి. ఆరు నెలలు పని లేదు. కాలికి 30 శాతం వైకల్యం అని డాక్టరు రాసిచ్చారు. ఇప్పటికీ నిచ్చెన మీద నిలబడలేను. నెలకు 18 వేలు వచ్చేవి, కాగితాలు మాత్రం లేవు. ఓపీ (పరిహారం కోరే పిటిషన్) వేసి ఏడాదైంది. చార్జిషీటు కారు డ్రైవరు మీదే ఉంది. లోక్ అదాలత్‌లో 4,50,000 ఇస్తామంటున్నారు. ‘ఇంకా ఏళ్లు పడుతుంది, తీసేసుకో’ అని మా లాయరుగారి సలహా. అప్పులు కూడా ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఎస్.కె., ఖమ్మం జిల్లా

జవాబు: ఈ అంకెకైతే ఒప్పుకోకండి. ఎందుకో మీరే కాగితం మీద వేసి చూడండి.

మీ బిల్లులు 2,60,000. పోయిన ఆరు నెలల సంపాదన, నెలకు 15 వేల చొప్పున, 90 వేలు. నొప్పికీ బాధకూ 75 వేలు, ఆస్పత్రికి తిరిగిన ఖర్చు, మనిషి తోడు, తిండి కలిపి 40 వేలు అనుకుందాం (ఈ రెండూ మా అంచనా). మొత్తం 4,65,000. కంపెనీ చెప్పింది 4,50,000. అంటే మీ కాలు జీవితాంతం ఇలాగే ఉంటుందన్న సంగతికి వాళ్లు వేసిన వెల సున్నా. రాడ్ తీయించడానికయ్యే ఖర్చు కూడా ఇందులో లేదు.

గాయాల కేసులో పెద్ద మొత్తం వచ్చేది ఆ వదిలేసిన పద్దులోనే. లెక్క ఇలా వేస్తారు: నెల ఆదాయాన్ని 12తో హెచ్చించి, దానికి భవిష్యత్తు పెరుగుదల కలిపి, సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో ఆ శాతం తీసుకుని, వయసును బట్టి మల్టిప్లయరుతో హెచ్చిస్తారు. మల్టిప్లయరు పట్టిక 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులో ఉంది: 26–30 ఏళ్లకు 17, 31–35కు 16, 36–40కి 15, 41–45కు 14, 46–50కి 13, 51–55కు 11, 56–60కి 9. పెరుగుదల శాతాలు 2017 ప్రణయ్ సేఠీ తీర్పు నుంచి వచ్చాయి. సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపు 40 శాతం, 40–50 మధ్య 25, 50–60 మధ్య 10. శాశ్వత వైకల్యం ఉన్న గాయాల కేసులకూ ఈ పెరుగుదల కలపాలని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ లెక్కల్లో మొదట ఎగిరిపోయేది ఇదే.

కాగితాలు లేవు కాబట్టి 18 వేలు వదిలి 15 వేలే తీసుకుందాం. ఏడాదికి 1,80,000. దానికి 40 శాతం కలిపితే 2,52,000. ఇక శాతం దగ్గర జాగ్రత్త. కాలికి 30 శాతం అంటే ఒంటికి 30 శాతం కాదు, మొత్తం శరీరానికి లెక్కిస్తే చాలా తగ్గుతుంది. అలాగని ఒంటి శాతమే సంపాదన నష్టం కూడా కాదు. రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసు తీర్పు ఈ తేడాను స్పష్టంగా విడదీసింది: ఎడమ చేయి పోయిన డ్రైవరుకు సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే, అదే చేయి పోయిన గుమాస్తాకు అంత నష్టం ఉండకపోవచ్చు. మీరు నిచ్చెన ఎక్కాలి, గోడ పక్క గొంతుక్కూర్చోవాలి. జడ్జి 10 శాతం వేస్తే 25,200 ఇంటూ 16, అంటే 4,03,200. 20 శాతం వేస్తే 8,06,400. పైన వేసిన 4,65,000కూ రాడ్ తీయించడానికి 60 వేలకూ (ఇదీ అంచనాయే) ఇది కలిపితే 10 శాతం దగ్గర 9,28,200, 20 శాతం దగ్గర 13,31,400 వస్తుంది. గాయాల కేసులో ‘సొంత ఖర్చులు’ అంటూ మూడో వంతు కోయడం ఉండదు. అది మరణం కేసుల్లోనే. ఎవరైనా మీ లెక్కలో కోస్తుంటే అక్కడే ఆపండి.

పైన వడ్డీ ఉంది. ట్రైబ్యునళ్లు (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులు) మామూలుగా 6 నుంచి 9 శాతం మధ్య, పిటిషన్ వేసిన రోజు నుంచి ఇస్తాయి. 7.5 శాతం అనుకున్నా మీ తక్కువ లెక్క మీదే ఏడాదికి 65 వేల పైన. రాజీ మొత్తాల్లో వడ్డీ, ఖర్చులు అన్నీ కలిసే ఉంటాయి. అంటే ఇప్పటికే గడిచిన ఏడాది వడ్డీ కూడా ఆ 4,50,000లో కలిసిపోయింది.

కేసు నడిపితే 9 లక్షలు ఖాయమా అంటే కాదు. మూడు చోట్ల దెబ్బ తగలొచ్చు. ఒకటి, వైకల్యం రాసిచ్చిన డాక్టరు సాక్ష్యానికి రాకపోవడం. సర్టిఫికెట్ దాఖలు చేస్తే సరిపోదు, ఆ డాక్టరు బోనెక్కి చెప్పాలి. వైద్యం చేయని డాక్టరు ఒకసారి చూసి రాసిచ్చిన కాగితాన్ని కోర్టులు అనుమానంగానే చూస్తాయి. సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉన్నా అందులో శాతమే ఉంటుంది, ఆ శాతం మీ పనికి ఎలా అడ్డమో ఉండదు. ఈ సాక్ష్యం పడకపోతే మీ లెక్క 5,25,000 దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు వాళ్లు చెబుతున్నది దాదాపు ఆ అధ్వాన ఫలితాన్నే. రెండు, ఆదాయం. మీకు పని ఇచ్చిన బిల్డరో మేస్త్రీయో ఒకరు సాక్ష్యం చెప్పగలరా? ఐటీఐ సర్టిఫికెట్, వైరింగ్ పర్మిట్, సామాను కొన్న షాపు బిల్లులు, ప్రమాదానికి ముందు ఏడాది ఫోన్‌పే లావాదేవీలతో సహా బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. మూడు, తప్పులో మీకూ వాటా ఉందనడం. చార్జిషీటు కారు డ్రైవరు మీదే ఉంది కాబట్టి మీకు ఆ భయం తక్కువ.

ఇక అప్పులు. నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చి ఉంటే ఏడాదికి 72 వేలు కడుతున్నారు. అదే రెండు లక్షల మీద కోర్టు ఇచ్చే వడ్డీ ఏడాదికి 15 వేలు. ఈ తేడా నిజమైన నష్టమే. త్వరగా తీసుకోవడానికి అసలైన కారణం ఏదన్నా ఉంటే ఇదొక్కటే. తీర్పు వచ్చాక కంపెనీ హైకోర్టుకు వెళ్లొచ్చు కూడా. ఇవన్నీ చూసుకుని తక్కువ లెక్కలోంచి 20 శాతం వరకు వదులుకోవడం తెలివితక్కువతనం కాదు. అంటే ఏడున్నర లక్షల దిగువకు వస్తే లేచి వచ్చేయండి. అడగడం మాత్రం పదకొండు లక్షల నుంచి మొదలుపెట్టండి. ముందుగా ‘ఏ పద్దు కింద ఎంత వేశారో కాగితం చూపించండి’ అనండి. వైకల్యం ఎదురుగా సున్నా కనిపించాక బేరం తీరే మారుతుంది. లోక్ అదాలత్‌లో కుదరకపోతే కేసు ఎక్కడ ఆగిందో అక్కడికే తిరిగి వెళ్తుంది, కాదన్నందుకు మీకు నష్టం ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారికి 57. చిన్న కిరాణా కొట్టు. పది వారాల కిందట వ్యాను గుద్ది తలకు దెబ్బ తగిలింది, భుజం ఎముక విరిగింది. ఇంటికి తెచ్చాం, మందులు వాడుతున్నారు. కంపెనీ తరఫు మనిషి ఇంటికే వచ్చి 2,50,000కు ఒప్పందం అంటున్నాడు. ఇప్పుడు వద్దంటే ఇంతకూడా రాదంటున్నాడు. ఇంకా కేసు వేయలేదు.
– పి. లక్ష్మి, కాకినాడ

జవాబు: 2,50,000 అన్న అంకెను బట్టే ఇది ఏ సెక్షన్ కింద వచ్చిందో ఊహించవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరించిన మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 164 ప్రకారం, తప్పు ఎవరిదో తేల్చకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2,50,000 ఇస్తారు. ఎముక విరిగితే తీవ్ర గాయమే. ఇందులో మెలిక ఏమిటంటే, సెక్షన్ 149 పద్ధతిలో ఈ సొమ్ము తీసుకుంటే సెక్షన్ 166 కింద పూర్తి పరిహారం కోసం వేసే పిటిషన్ రద్దయిపోతుంది. ఒకటి తీసుకుంటే రెండోది ఉండదు.

అలాగని 164 చెడ్డదనుకోవద్దు. తప్పు మనవైపే ఉన్నప్పుడు, సాక్షులు లేనప్పుడు, విరిగిన ఎముక పూర్తిగా అతుక్కుని మనిషి మామూలుగా పనికి వెళ్తున్నప్పుడు అది మంచి బేరమే. తల గాయం ఉన్న మీ కేసులో మాత్రం ఇప్పుడు సంతకం పెట్టకూడదు. తలకు దెబ్బ తగిలినవాళ్లకు ఫిట్స్ ఏడాది తర్వాత కూడా మొదలవ్వచ్చు. వాసన తెలియకపోవడం, మతిమరుపు, ఊరికే కోపం రావడం, లెక్కలు తప్పడం వంటివి డిశ్చార్జి రోజు తీసిన సీటీ స్కాన్‌లో కనపడవు. కొట్లో కూర్చునే మనిషికి చిల్లర లెక్క తప్పితే జీవనోపాధి పోయినట్టే. అలాంటివి గమనిస్తే తేదీ వేసి రాసి పెట్టుకోండి, తర్వాతి చెకప్‌లో న్యూరో డాక్టరుకు చెప్పి ఓపీ చీటీ మీద రాయించండి. చీటీ మీద లేని లక్షణం కోర్టులో లేనట్టే. భుజం కూడా ఫిజియోథెరపీ ముగిశాకే ఎంతవరకు లేస్తుందో తెలుస్తుంది. వైద్యపరంగా ఇక చేసేదేమీ లేదు, పరిస్థితి ఇలాగే ఉంటుంది అని డాక్టరు చెప్పేదాకా అంకె గురించి మాట్లాడకండి.

ఆగమన్నాం కదా అని కేసు వేయడం ఆపకండి. సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఈ గడువు చెల్లదంటూ సుప్రీంకోర్టులో సవాలు నడిచింది, కానీ దాని మీద భరోసా పెట్టుకోకుండా గడువులోపే వేసేయండి. వైద్యం జరుగుతుండగానే వేయవచ్చు. వైకల్యం సర్టిఫికెట్ సాక్ష్యం దశలో దాఖలు చేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు ఉండే ఊరి పరిధిలోని ట్రైబ్యునల్‌లోనూ వేసుకోవచ్చు. పిటిషన్‌లో అడిగిన దానికన్నా ఎక్కువ ఇచ్చే అధికారం ట్రైబ్యునల్‌కు ఉందని 2002లో నాగప్ప కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఎంత అడగాలో తెలియక ఆగక్కర్లేదు.

‘ఇప్పుడు వద్దంటే రాదు’ అన్న మాట నిజం కాదు. చట్టం ప్రకారమే, ఆఫర్ కాదంటే ట్రైబ్యునల్ విచారణ తేదీ వేసి సాక్ష్యాధారాలను బట్టి తేలుస్తుంది. ఇంకో మాట: ఆరోగ్య బీమా వాడి ఉంటే ఒరిజినల్ బిల్లులు వాళ్ల దగ్గరకు వెళ్లిపోతాయి. ఆస్పత్రి ముద్ర వేసిన నకళ్లు, బీమా సంస్థ ఎంత చెల్లించిందో తెలిపే లెటరు ఇప్పుడే తీసుకోండి. రెండేళ్లయ్యాక అడిగితే బిల్లింగ్ కౌంటర్లో మిమ్మల్ని పట్టించుకునేవాళ్లుండరు.

ప్రశ్న: స్నేహితుడి బైకు మీద ముగ్గురం వెళ్తున్నాం. నేను మధ్యలో ఉన్నాను. వెనక నుంచి లారీ గుద్దింది. నా మోచేయి నుజ్జయింది. ముగ్గురు ఎక్కారు, హెల్మెట్ లేదు, నడిపినవాడికి లైసెన్సు లేదు, అందుకని సగం కోసి ఇస్తాం అంటున్నారు. న్యాయమేనా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: కాదు. ముగ్గురు ఎక్కడం ట్రాఫిక్ తప్పే. అయితే ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందని, లేదా గాయం పెరిగిందని కంపెనీ చూపించాలి. 2020లో మహ్మద్ సిద్దిఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. లైసెన్సు లేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదని 2008 నాటి సుధీర్ కుమార్ రాణా తీర్పు ఉంది. హెల్మెట్ లేకపోవడానికీ మోచేయి విరగడానికీ సంబంధమే లేదు. తలకు గాయమై ఉంటే ఆ వాదనకు కొంత బలం ఉండేది.

అసలు మీరు బండి నడపలేదు. నడిపినవాడిదీ కొంత తప్పని తేలినా, వెనక కూర్చున్న మనిషి మొత్తం పరిహారాన్ని రెండు వాహనాల్లో ఏ ఒక్కదాని మీదైనా రాబట్టుకోవచ్చు. వాళ్ల వాటాలు వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. 2015లో ఖెన్యెయ్ కేసు తీర్పు ఇది. ఎఫ్‌ఐఆర్‌లో, స్పాట్ పంచనామాలో (ప్రమాద స్థలం చూసి పోలీసులు రాసిన కాగితం) లారీ ఎటు నుంచి వచ్చిందని రాశారో నకలు తీసుకుని చూడండి. వెనక నుంచి గుద్దిందని అందులో ఉంటే, కోతను ఒప్పుకోవద్దు.

ప్రశ్న: మావారు తాపీమేస్త్రీ. 41వ ఏట రోడ్డు ప్రమాదంలో పోయారు. ఇద్దరు పిల్లలు చిన్నవాళ్లు, అత్తగారు మాతోనే ఉంటారు. నెలకు 16 వేలు తెచ్చేవారు. కంపెనీ 18 లక్షలు అంటోంది. అత్తగారి తరఫువాళ్లు ఒప్పుకోమని ఒత్తిడి చేస్తున్నారు.
– పేరు వద్దన్నారు, నల్గొండ జిల్లా

జవాబు: 16 వేలకు భవిష్యత్తు పెరుగుదల 25 శాతం కలిపితే 20 వేలు, ఏడాదికి 2,40,000. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 1,80,000. మల్టిప్లయరు 14. మొత్తం 25,20,000. ఇవి కాక తోడు కోల్పోయినందుకు మనిషికి ఇంత అని ఇస్తారు. 2017లో అది 40 వేలు. మూడేళ్లకోసారి 10 శాతం చొప్పున పెరిగి 2023 చివరి నుంచి 48,400 అయింది. భార్యకే కాదు, పిల్లలకూ తల్లికీ విడివిడిగా వస్తుంది, నలుగురికీ 1,93,600. ఎస్టేట్ నష్టం, అంత్యక్రియల ఖర్చు చెరో 18,150. అన్నీ కలిపి 27,49,900, ఆపైన వడ్డీ.

వాళ్ల 18 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆదాయాన్ని 12 వేలు చేసి ఇదే లెక్క వేస్తే 18,90,000 వస్తుంది. గొడవంతా నెల ఆదాయం గురించేనన్నమాట. కాబట్టి మీ శ్రమ అంతా దాని మీదే పెట్టండి: భవన కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉంటే అది, పని ఇచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం, కూలి రాసుకున్న పుస్తకం. పుస్తకంలో ఆయన చేతిరాతతో వారం వారం రాసిన పద్దులుంటే దానికి చాలా విలువ ఉంటుంది, పారేయకండి. ఏమీ లేకపోతే ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనాల్లో నైపుణ్యం గల పనివాడి రేటు పట్టుకుంటారు. అంతకన్నా తక్కువకు కంపెనీ దిగితే ఒప్పుకోవద్దు. ఎల్‌ఐసీ సొమ్ము వచ్చి ఉంటే దాన్ని పరిహారంలోంచి తగ్గించడానికి వీల్లేదు.

పిల్లల వాటా గురించి రాజీ పడాలంటే కోర్టు అనుమతి తప్పనిసరి. మైనర్ల పేరిట పెద్దలు ఇంట్లో కూర్చుని తేల్చుకునే వ్యవహారం కాదిది. వాళ్ల సొమ్మును మేజర్ అయ్యేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచుతారు. ఎవరి వాటా ఎంతో రాజీ పత్రంలోనే రాయించండి. ‘మొత్తం 22 లక్షలు’ అని మాత్రమే ఉండి పంపకం లేకపోతే రెండో గొడవ ఆ సాయంత్రమే మొదలవుతుంది. ఆదాయం రుజువు బలహీనంగా ఉంటే 22–23 లక్షల దగ్గర ఒప్పుకోవడం సబబు. 18కి కాదు.

ప్రశ్న: ఆటో గుద్ది కాలు విరిగింది. ఆటోకు బీమా లేదట. ఓనరు లక్ష రూపాయలిస్తాను, స్టాంపు పేపరు మీద రాసిచ్చి కేసు వాపసు తీసుకోమంటున్నాడు.
– జి.ఆర్., విజయనగరం

జవాబు: ముందు బీమా లేదన్న మాట నిజమో కాదో చూడండి. బండి నంబరుతో పరివాహన్ సైట్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో వెతికితే పాలసీ ఎప్పటిదాకా ఉందో కనపడుతుంది. ప్రమాదం రోజున ఉందా అన్నదే ముఖ్యం. కొందరు ఓనర్లు డ్రైవరుకు లైసెన్సు లేదన్న భయంతో బీమానే లేదంటారు. లైసెన్సు లేకపోయినా, కంపెనీ ముందు మీకు చెల్లించి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశించే పద్ధతి 2004 స్వరణ్ సింగ్ తీర్పు నుంచి ఉంది.

నిజంగానే బీమా లేకపోతే లెక్క తలకిందులవుతుంది. మీ కేసు విలువ ఆరు లక్షలైనా ఆ ఓనరుకు ఆటో తప్ప ఆస్తి లేకపోతే తీర్పు కాగితం మీదే ఉంటుంది. అలాంటప్పుడు చేతికొచ్చే లక్షను తీసిపారేయకండి. పొలమో ఇల్లో ఉందేమో కనుక్కున్నాకే నిర్ణయం తీసుకోండి. బీమా లేని బండి విడుదల కావాలంటే హామీ కట్టాలి. కట్టకపోతే వేలం వేసి సొమ్మును ట్రైబ్యునల్‌లో జమ చేసే నిబంధన ఉంది. బండి స్టేషన్‌లో ఉన్నంతకాలం ఓనరు తొందరపడతాడు, అది మీకు అనుకూలం.

స్టాంపు పేపరు మీద మాత్రం రాయకండి. క్రిమినల్ కేసు పెట్టింది ప్రభుత్వం, మీరు రాసిస్తే మూసేసేది కాదు. ‘తప్పు నాదే, ఎవరి మీదా ఫిర్యాదు లేదు’ అన్న ఒక్క వాక్యం అందులో పడితే, రేపు బీమా ఉందని తేలినా మీ పిటిషన్‌కు అదే ఉరి. లోక్ అదాలత్‌లో, ట్రైబ్యునల్ ముందు, డీడీ చేతిలో పడ్డాకే సంతకం.

ప్రశ్న: వచ్చినదాంట్లో 20 శాతం ఇవ్వాలని మా లాయరు ముందే సంతకం చేయించుకున్నారు. రాజీకి తొందరపెడుతున్నది అందుకేనేమో అనిపిస్తోంది.
– ఎం.వి., వరంగల్

జవాబు: ఫలితంలో వాటా తీసుకునే ఒప్పందాలను బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. ఫీజు ఒక మొత్తంగా మాట్లాడుకుని రసీదు తీసుకోండి. ఖాళీ చెక్కులు, ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాలు ఇచ్చి ఉంటే రాతపూర్వకంగా వెనక్కి అడగండి. పరిహారం ఎలాగూ మీ బ్యాంకు ఖాతాలోకే రావాలి, పాస్‌బుక్ నకలు ట్రైబ్యునల్‌లో మీరే ఇవ్వండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ 15100. రాజీ అంకె మీద రెండో అభిప్రాయం కోసం కూడా అక్కడికి వెళ్లవచ్చు. అయితే తొందరపెట్టే ప్రతి లాయరూ మోసగాడు కాదు. మీ కేసులో బలహీనత ఏమిటో సూటిగా అడిగి చూడండి. దానికి జవాబు చెప్పగలిగితే ఆయన సలహా వినదగ్గదే.

ప్రశ్న: నాలుగు నెలల కిందట లోక్ అదాలత్‌లో రాజీ అయింది. డబ్బు ఇంకా రాలేదు. ఈలోగా కాలిలో రాడ్ వంగిపోయి మళ్లీ ఆపరేషన్ అంటున్నారు. రాజీ రద్దు చేసుకోవచ్చా?
– ఆర్. వెంకట్, తిరుపతి జిల్లా

జవాబు: రద్దు కాదు. లోక్ అదాలత్ అవార్డు అంతిమం, దాని మీద అప్పీలు లేదు. మోసం చేసి సంతకం పెట్టించారనో, మీరు లేకుండానే రాజీ నమోదు చేశారనో చూపించగలిగితే హైకోర్టులో రిట్ వేయవచ్చు. 2008 నాటి జాలూర్ సింగ్ తీర్పు ప్రకారం అదొక్కటే దారి. గాయం తర్వాత ముదిరిందన్నది అందుకు కారణం కాదు. మొదటి ఆపరేషన్‌లోనే వైద్యుల పొరపాటు ఉందేమో వేరే డాక్టరుకు ఎక్స్‌రేలు చూపించండి. ఉంటే అది వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వేరే వ్యవహారం.

డబ్బు విషయంలో మాత్రం మీకు పట్టు ఉంది. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఓపీ నడిచిన కోర్టులోనే అమలు పిటిషన్, అంటే ఈపీ వేయించండి. సెక్షన్ 174 కింద కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించమని అడిగే వీలుంది కాబట్టి, ఆ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ కంపెనీకి ముందు ఒక లీగల్ నోటీసు పంపండి. చాలా ఆలస్యాలు కంపెనీ ఆఫీసులో బ్యాంకు వివరాలు అందకో, పాన్ నకలు లేకో జరుగుతాయి. నోటీసుతోపాటే ఆధార్, పాన్, రద్దు చేసిన చెక్కు, అవార్డు నకలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే ఆ సాకు ఉండదు. ఇక ముందు రాజీ పడబోయేవాళ్లు పత్రంలో ఒక వాక్యం అడిగి రాయించుకోవాలి: ‘30 రోజుల్లో చెల్లించకపోతే ఆ రోజు నుంచి ఇంత శాతం వడ్డీ’. ఆ వాక్యం రాయడానికి కంపెనీ మనిషి నీళ్లు నమిలితే, డబ్బు ఎప్పటికి వస్తుందో అక్కడే అడిగి తేల్చుకోండి.